మబ్బూ అదే, పొదా అదే

కాస్త ఇలా జరగండి, నిప్పుల దగ్గరికి. భోగి మంట ఎగసినంతసేపు ఎగసి ఇప్పుడే సద్దుమణిగింది. పిల్లలు పిడకల దండలు వేసేసి తలంట్లకు పోయారు. పక్కన కాగులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. మంచు ఎంత దట్టంగా ఉందంటే, వీధిలో హరిదాసు చిడతలు వినబడుతున్నాయి గాని మనిషి కనబడటం లేదు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మేం నలుగురం ఇక్కడే కూర్చుని ఒకటే సంగతి మాట్లాడుకుంటున్నాం. మీరొచ్చారు, బావుంది. ఈ సంగతి ఐదో మనిషికి చెప్పాలని రాత్రి నుంచీ నా మనసు కొట్టుకుంటోంది.

సంగతి ఏమిటంటే వీడియో గేములు. పాతవి, పాతవాటిని ప్రేమించినవాళ్లు ఒకరో ఇద్దరో కూర్చుని ఇప్పుడు చేస్తున్న చిన్నవి.

నలుగురం ఇంజినీరింగులో ఒకే బ్యాచ్. ఒకడిది వరంగల్. ఇంకొకడిది పల్నాడు, ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. ఒకావిడది విజయనగరం, హైస్కూల్లో లెక్కల టీచరు. నాది ఈ ఊరే, తణుకు పక్కన. సంక్రాంతికి వీలైనవాళ్లం ఇక్కడ చేరతాం. పాతికేళ్లుగా కలిసినప్పుడల్లా మా మొదటి మాట ఒకటే: "ఇప్పుడేం ఆడుతున్నావ్?" ఉద్యోగం, పిల్లలు, ఒంట్లో షుగరు, అవన్నీ తర్వాత. మూడేళ్ల కిందట ఫోన్లో ఇదే మాట అడిగితే డాలస్ వాడు "ఏమీ ఆడట్లేదురా" అన్నాడు. ఇంకేమీ అడక్కుండానే ఏదో జరిగిందని తెలిసిపోయింది. వాళ్ల నాన్న పోయి అప్పటికి నెల.

ఈసారి కబుర్లకు మూలం మా అటక. మంటలో వేయడానికి విరిగిన కుర్చీలూ పాత తలుపు చెక్కలూ దించుతుంటే దుప్పటి చుట్టిన అట్టపెట్టె ఒకటి తగిలింది. లోపల మా చిన్నప్పటి టీవీ గేమ్. రెండు రిమోట్లు, బూడిదరంగు తుపాకీ, మూడు క్యాసెట్లు. మా అక్క వంటింట్లోంచి అరిసెల పిండి చేతులతోనే వచ్చి చూసింది. ఒక రిమోట్ తీసి, తిప్పి చూసి, నవ్వి మళ్లీ పెట్టెలో పెట్టేసి వెళ్లిపోయింది.

అది నింటెండో వాళ్ల యంత్రానికి నకలని మాకప్పుడు తెలియదు. జపాన్‌లో 1983 జూలైలో ఫ్యామికామ్ అనే పేరుతో వాళ్లు తెచ్చిన పెట్టెకు ఎవరెవరో చేసిన నకళ్లే 90లలో మన ఊళ్ల దాకా వచ్చాయి. మనకది టీవీ గేమ్. ఆట ఉన్న డబ్బా క్యాసెట్. పని చేయకపోతే క్యాసెట్ తీసి అడుగున ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చడం దేశమంతా తెలిసిన వైద్యం. ఆట వచ్చేది ఊదినందుకు కాదట. తీసి గుచ్చినప్పుడు లోపలి లోహపు పలకలు సరిగ్గా తగిలినందుకట. నోటి తేమ వాటికి చెరుపే చేస్తుందట. అన్నీ తెలిసి కూడా నిన్న రాత్రి నలుగురం వంతులవారీగా ఊదాం.

ముందు హాల్లో ఉన్న కొత్త టీవీకి తగిలించాం. మారియో వచ్చింది. కాంట్రా వచ్చింది. డక్ హంట్ పెట్టి టీచరు కూతురి చేతికి తుపాకీ ఇచ్చాం. తొమ్మిదేళ్ల పిల్ల. బాతు ఎగిరింది, పిల్ల ఒక కన్ను మూసి గురిపెట్టి నొక్కింది. తగల్లేదు. తెరకు జానెడు దూరంలో నిలబడి నొక్కినా ఒక్కటీ పడలేదు. పిల్ల మొహం చూసి వరంగల్ వాడు లుంగీ ఎగ్గట్టి మళ్లీ అటకెక్కాడు. పాత డబ్బా టీవీ దించాడు. ఇరవై ఏళ్లు మూలనున్న టీవీ, చిటపటలాడి వెలిగింది.

ఆ టీవీయే ఎందుకు కావాలో వినండి, ఇందులో ఎంత తెలివుందో. తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు. అదొక కన్ను, చూస్తుందంతే. మీట నొక్కగానే తెరంతా క్షణంపాటు నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చదరం ఒకటి మెరుస్తుంది, సెకనులో 60వ వంతు సేపు. తుపాకీకి ముందు నలుపు, వెంటనే తెలుపు కనబడితే గురి కుదిరినట్టు. ఆ నలుపు లేకపోతే లైటు బల్బు వైపు తుపాకీ పెట్టి గెలిచేయొచ్చు కదా, అందుకని. రెండు బాతులుంటే చదరాలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి, ఏది తగిలిందో తేలడానికి. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ పుంజం యంత్రం చెప్పిన క్షణంలోనే గీత గీస్తుంది. కొత్త టీవీ బొమ్మను అందుకుని, సర్దుకుని, కాస్త ఆగి చూపిస్తుంది. తుపాకీ అంతసేపు ఎదురుచూడదు.

చిన్నప్పుడు నేను డక్ హంట్‌లో మంచి గురికాణ్ని. అక్క పక్కన కూర్చుంటే మరీను, దాదాపు ఒక్క బాతూ తప్పేది కాదు. ఆ మాట ఎందుకన్నానో తర్వాత చెబుతాను.

మారియో దగ్గరికి వద్దాం. 1985 సెప్టెంబరులో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. 32 ప్రోగ్రాముకి, 8 బొమ్మలకి. పొద్దున్నే మీ ఫోనుకు వచ్చిన భోగి శుభాకాంక్షల బొమ్మ ఒక్కటే ఇంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. అంత ఇరుకులో 32 మెట్ల ఆట, పాటలు, నేల మీది లోకం, నేల కింది లోకం, నీళ్లలో లోకం పట్టించాలి. రాత్రి టీచరు పిల్లని తెర దగ్గరికి తీసుకెళ్లి "ఆ మబ్బు చూడు, ఈ పొద చూడు" అంది. పిల్ల కాసేపు చూసి గట్టిగా అరిచింది, "అమ్మా, రెండూ ఒకటే!" ఒకటే మరి. తెల్లరంగు వేసి పైన పెడితే మబ్బు, పచ్చరంగు వేసి కింద పెడితే పొద. ఇంట్లో పాత చీర పిల్లాడికి ఉయ్యాలై, తర్వాత బొంతై, చివరి ముక్క మసిగుడ్డ అవుతుందే, అచ్చం అలాగ. మారియో టోపీ కూడా ఇలాంటిదే. 1981లో డాంకీ కాంగ్ ఆటకు మియమోతో షిగేరు ఆ మనిషిని గీసినప్పుడు, ఉన్న నాలుగు చుక్కల్లో జుట్టు ఎగరడం చూపించలేక టోపీ పెట్టాడు. నోరు గీయడానికి చోటు లేక మీసం పెట్టాడు. ఇవాళ లోకమంతా గుర్తుపట్టే ముఖం అలా పుట్టింది.

నాకు ఇంతకన్నా గొప్పగా అనిపించేది ఆ మొదటి తెర. మా ఇంట్లో ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకం లేదు. ఉన్నా ఇంగ్లీషు రాదు. మరి నేర్పిందెవరు? మారియో తెరకు ఎడంపక్క నిలబడతాడు, ఎదురుగా అంతా ఖాళీ, అటే నడవబుద్ధవుతుంది. నాలుగడుగులేయగానే కోపం మొహంతో పుట్టగొడుగు లాంటిది ఎదురొస్తుంది. తగిలితే పోతాం. పోయినా నష్టం లేదు, ఇప్పుడే కదా మొదలెట్టింది. రెండోసారి భయంతో ఎగురుతాం. ఎగిరితే తల పైనున్న ప్రశ్నగుర్తు పెట్టెకు కొట్టుకుని నాణెం రాలుతుంది. ఇంకో పెట్టెలోంచి నిజం పుట్టగొడుగు వస్తుంది. అదీ శత్రువేమోనని పారిపోతామని వాళ్లకు తెలుసు. అందుకని అది కుడివైపు జారి, గొట్టానికి కొట్టుకుని, వెనక్కి మన మీదికే వస్తుంది. పైన ఇటుకలున్నాయి, తప్పించుకోవడం కష్టం. తగులుతుంది, మారియో పెద్దవాడవుతాడు. మంచిదని తెలిసిపోయింది. ఒక్క అక్షరం ముక్క లేకుండా జపాన్‌లో కూర్చున్న మియమోతో, తెజుక తకాషి ఇద్దరూ తణుకు పక్క పల్లెటూరి పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపించారు. టీచరు దీన్ని తలచుకుని అంది: "నేను ఏడో తరగతికి సమీకరణాలు మొదలెట్టే రోజు ఈ తెరే గుర్తొస్తాది నాకు. మొదటి తప్పు పిల్లకి నొప్పి పుట్టించకూడదు."

మెమరీ చాలక పుట్టిన మాయల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. కాలేజీ ల్యాబులో సార్లు లేనప్పుడు ఆడుకున్నది. జోర్డాన్ మెక్నర్ అనే కుర్రవాడు అమెరికాలో ఆపిల్ టూ కంప్యూటరు మీద ఏళ్ల తరబడి ఒక్కడే కూర్చుని చేశాడు. తమ్ముడికి తెల్ల బట్టలేసి పరుగెత్తించి, ఎగిరించి, వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేము చూసి గీశాడు. అందుకే 1989 నాటి ఆటలో ఆ రాకుమారుడు అంచు పట్టుకుని వేలాడుతుంటే మన భుజాలు లాగినట్టుంటుంది. ఆ నడకకే కంప్యూటరు మెమరీ అంతా సరిపోయింది. శత్రువుల బొమ్మలకు చోటు లేదు. శత్రువు లేకపోతే ఆట పేలవంగా ఉందని స్నేహితురాలు పోరింది. అప్పుడు రాకుమారుడి బొమ్మనే తీసుకుని లెక్క తిప్పి నీడమనిషిని చేశాడు. కొత్త బొమ్మ గీయలేదు, కొత్త చోటు తినలేదు. తర్వాత మెమరీ ఎలాగో మిగిల్చి కత్తి పట్టిన భటులనూ పెట్టాడనుకోండి, ఆట మాత్రం ఆ నీడదే.

నాలుగో మెట్టులో దారికి అడ్డంగా ఒక అద్దం. పరుగెత్తి అందులోంచి దూకితే, మనం ఇటు పడతాం, మన నీడ అటు దూకి వెళ్లిపోతుంది. తర్వాత అదే మనకు దక్కాల్సిన మందు తాగేస్తుంది, మన మొహాన తలుపు వేసేస్తుంది. చివరి మెట్టులో కత్తి దూసి ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తరుగుతుంది. ఏం చేయాలి? కత్తి ఒరలో పెట్టి దానివైపు నడవాలి. రెండూ ఒకటైపోతాయి. ల్యాబులో ఈ కిటుకు మొదట కనిపెట్టింది డాలస్ వాడే. ఆ రోజు వాడు "కత్తి దించాన్రా, దించాన్రా" అని అరిచిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇప్పుడు టీచరు ఆడుతున్న ఆట చెబుతాను. సెలెస్ట్. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ముందు 4 రోజుల్లో చిన్న నమూనా చేశారు, పీకో-8 మీద. పీకో-8 అంటే ఎప్పుడూ లేని పాత యంత్రాన్ని ఊహించి ఇవాళ కంప్యూటరు మీద కట్టుకున్నది. 128 చుక్కల వెడల్పు, 128 ఎత్తు, 16 రంగులు, అంతకు మించి ఇవ్వదు. ఆ నమూనా పెరిగి 2018లో పూర్తి ఆట అయింది. మ్యాడెలిన్ అనే అమ్మాయి కొండెక్కుతుంది. మనసులో ఊపిరాడనంత దిగులు. కొండ మీద ఒక పాడుబడ్డ చోట అద్దం ఎదురవుతుంది. అద్దం పగిలి అందులోంచి ఆమె నీడే బయటికొచ్చి తరుముతుంది. ఆ నీడతో పోట్లాడినంతకాలం కొండ ఎక్కలేదు. దగ్గరికి తీసుకున్నాక ఇద్దరూ కలిసి ఎక్కుతారు.

ఈ మాట టీచరు చెప్పగానే నిప్పుల చుట్టూ కాసేపు ఎవరం మాట్లాడలేదు. 1989లో చోటు చాలక పుట్టిన నీడ, 2018లో చోటుకు కొదవలేని రోజుల్లో మళ్లీ అద్దంలోంచి వచ్చింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే, దాన్ని చంపితే గెలవలేం. దాన్ని చూసి దీన్ని చేశారని నేననను. నిజమైన సంగతి ఎక్కడున్నా ఇలాంటి దారినే వెతుక్కుంటుందని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక్కడ వరంగల్ వాడు కట్టె ఎగదోసి తగువు పెట్టుకున్నాడు. వాడు ఆడుతున్నది హాలో నైట్ సిల్క్‌సాంగ్. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలోని టీమ్ చెర్రీ అనే పిడికెడు మంది చేసింది. వస్తుందని 2019 ఫిబ్రవరిలో చెప్పారు, 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ ఆరున్నరేళ్లూ మావాడు ప్రతి పండక్కీ "ఈసారన్న వస్తదంటవా?" అని అడుగుతూనే ఉన్నాడు. చేత్తో గీసిన పురుగుల లోకం. సూదిని కత్తిలా పట్టుకుని, పట్టుదారంతో గాయాలు మాన్పుకునే ఆడపిల్ల. చాలా కష్టమైన ఆట. కోట గుమ్మం దగ్గర కాపలా ఉండేవాడి చేతిలో పోతే, దూరం నుంచి గాలుల్లో, గుంటల మీదుగా మళ్లీ వాడి దాకా నడిచి రావాలి.

"నలభై సార్లు సచ్చిన," అన్నాడు. "నలభై ఒకటోసారి కొట్టిన. ఆ రాత్రి నిద్ర పట్టలే, గంత సంతోషం. సులువు చేస్తే గా సంతోషం ఏడికెళ్లొస్తది?"

టీచరు ఒప్పుకోలేదు. సెలెస్ట్‌లోనూ వందలసార్లు పోతాం, కానీ పోయిన సెకనులోనే అదే గదిలో మళ్లీ నిలబడతాం. ఎవరికైనా చెయ్యి వణికితే, కన్ను అందుకోకపోతే, ఆట వేగం సగానికి తగ్గించుకోవచ్చు. అలసట లేకుండా చేసుకోవచ్చు. ఎవరూ చిన్నచూపు చూడరు. "మా తరగతిలో ఒక పిల్లడికి వేళ్లు సరిగా వంగవు. వాడు ఈ కొండెక్కాడురా నా ఫోను... కాదు, మా ల్యాప్‌టాపు మీద. వాడి సంతోషం నీ సంతోషం కన్నా తక్కువేటి?"

నా మాట అడిగారు. పాత ఆటల కష్టంలో చాలా పాలు డబ్బు లెక్క. వాటి పూర్వీకులు నాణెం వేస్తే ఆడే యంత్రాలు. మనిషి తొందరగా పోతేనే ఇంకో నాణెం పడుతుంది. ఇంటికొచ్చిన ఆటల్లో కూడా చిన్న ఆటను పొడుగ్గా చూపించడానికి కష్టం పెంచారు. కాంట్రా అంత కష్టం కాబట్టే పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి అనే మంత్రం పిల్లలందరికీ నోటికొచ్చింది, 30 ప్రాణాలిస్తుందని. ఆ మంత్రం కొనామిలో పనిచేసిన హషిమోతో కజుహిసాది. గ్రాడియస్ అనే ఆటను ఫ్యామికామ్‌కి తెస్తూ, పరీక్షించడానికి తనకే కష్టంగా ఉందని పెట్టుకున్నాడు. చేసినవాడికే సాయం కావలసొచ్చిందంటే, వేళ్లు వంగని పిల్లాడికి సాయం తప్పెలా అవుతుంది? ఈ తగువులో నేను టీచరు పక్షం. వరంగల్ వాడి నలభై ఒకటోసారి మీద నాకు గౌరవమే, దాన్నెవరూ వాడి దగ్గర్నుంచి తీసుకోరు.

సెలెస్ట్‌లో ఇంకో చిన్న మర్యాద ఉంది, ఆడేవాళ్లలో చాలామందికి తెలియదు. అంచు దాటి పాదం గాల్లోకి వెళ్లాక కూడా, రెప్పపాటులో కొంత సేపు, ఎగిరే అవకాశం ఉంటుంది. కళ్లకు కనబడదు. మనం సరైన సమయానికే ఎగిరామనుకుంటాం. పాత కార్టూన్లలో నక్క లాంటి కొయోటీ కొండ అంచు దాటి గాల్లో కాసేపు పరుగెత్తి, కిందికి చూశాకే పడుతుంది కదా, దాని పేరే పెట్టి కొయోటీ టైమ్ అంటారు ఈ పనివాళ్లు. తల పైకప్పు మూలకు కాస్త తగిలితే పక్కకు నెట్టి పోనిస్తుంది కూడా. చేసినవాళ్ల చెయ్యి మన వెనక ఉంటుంది, చెప్పదు.

డాలస్ వాడి సంగతి. నాన్న పోయిన ఏడాది ఏమీ ఆడలేదన్నాను కదా. ఆ తర్వాత మొదలెట్టింది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి సియాటిల్‌లో, రాత్రిళ్లు థియేటరులో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని చేస్తూ, నాలుగున్నరేళ్లలో చేశాడు. బొమ్మలు, పాటలు, మాటలు, ప్రోగ్రాము, అన్నీ తనే. 2016 ఫిబ్రవరిలో విడుదల చేస్తే 2024 చివరికి 4 కోట్లకు పైగా అమ్ముడైంది. తాత చనిపోతూ ఒక ఉత్తరం ఇస్తాడు, "బతుకు బరువైనప్పుడు తెరువు" అన్నట్టు. పట్నం ఉద్యోగంలో నలిగి ఆ ఉత్తరం తెరిస్తే తాత పొలం మనదవుతుంది. పొలమంతా రాళ్లు, మొద్దులు. ఊరి పెద్ద 15 గింజలు ఇస్తాడు, పార్స్‌నిప్ అని, క్యారెట్ లాంటి తెల్ల దుంప. నాటి, నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో పంట.

"రోజూ ఆఫీసు అయ్యాక నీళ్లు పోసేవాణ్ని," అన్నాడు. "మా నాన్న మిరప తోటలో నేను ఒక్కరోజు నీళ్లు పెట్టలేదు మామా. చదువుకో, చదువుకో అని పొలంలోకి రానిచ్చేవాడు కాదు. ఈ ఆటలో వడ్డీ లేదు, పురుగు మందు అప్పు లేదు, గుంటూరు యార్డులో ధర పడిపోవడం లేదు. అది నిజం వ్యవసాయం కాదు, నాకు తెలుసు. మూడో ఏడు మొదట్లో తాత వస్తాడు, మనం ఎలా చేశామో చూడటానికి. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను."

వడ్డీ లేని వ్యవసాయం అబద్ధమని ఆ ఆట మీద కోప్పడేవాళ్లను నేనెరుగుదును. వాళ్ల మాటలో న్యాయముంది, మిరప రైతు ఇంట్లో పుట్టినవాడికి ఇంకా ఎక్కువ తెలుసు. అయినా తాత వచ్చే రోజుకు సెలవు పెట్టుకున్న మనిషి పక్కన కూర్చుని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. వాడి చేతిలో ఇంకో అరిసె పెట్టాను.

నేనేం ఆడుతున్నానని మీరడగలేదు గాని చెబుతాను. యూఎఫ్‌ఓ 50. డెరెక్ యూ, ఆయన స్నేహితులు కలిసి ఏళ్లు పట్టి చేసి 2024 సెప్టెంబరులో వదిలారు. 80లలో ఒక ఆటల కంపెనీ ఉండేదని, దాని 50 ఆటలు ఇప్పుడు దొరికాయని ఊహ. యాభైకి యాభై నిజంగా ఆడొచ్చు. అన్నిటికీ కలిపి 32 రంగులే, కావాలని గీసుకున్న గిరి. అందులో మోర్టోల్ అని ఒకటుంది. మనకున్న ప్రాణాలనే ఒక్కొక్కటిగా ఇచ్చి దారి కడతాం. ఒకడు రాయిగా మారితే వెనక వచ్చేవాడు దాని మీద కాలు పెట్టి దాటుతాడు. ఆడినంతసేపూ, ముందు పోయినవాళ్ల మీద ఇంత బాధ్యతగా ఎప్పుడైనా అడుగేశానా అనిపిస్తుంది.

మనవాళ్లూ చేస్తున్నారు. 2017లో మన హైదరాబాదు నుంచే ఓగర్ హెడ్ స్టూడియో అసుర అని తెచ్చింది, మన పురాణాల స్ఫూర్తితో రాక్షసుడి కథ. టొరంటోలో చేసిన వెంబ, 2023ది, కెనడా వెళ్లిన తమిళ కుటుంబం గురించి. అమ్మ దగ్గర్నుంచి వచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మిగిలినవాటిని పట్టుకుని ఇడ్లీ ఎలా వేయాలో మనమే కనిపెట్టాలి. కొడుకు అమ్మ భాషకు దూరమవుతూ ఉంటాడు. గంటన్నరలో అయిపోతుంది, మనసులోంచి పోదు. డాలస్ వాడు అది వాళ్లమ్మాయితో కలిసి ఆడాడు. ఆ పిల్ల తెలుగు మాట్లాడదు. ఆట అయ్యాక "నానమ్మ ఇడ్లీ ఎలా చేస్తుంది?" అని అడిగిందట. ఆ రాత్రే పల్నాడుకు వీడియో కాల్ చేశారట.

అలాంటిది తెలుగులో ఒకటి రావాలని నా ఆశ. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చెయ్యి ఉందే, ఆ చేతి వేగం, తడి గుడ్డ, రేకు చిరిగిపోకుండా లేపే క్షణం, అంతా ఆటే. చేసేవాళ్లకు వందమంది అక్కర్లేదని బరోన్ చూపించాడు. 16 రంగులు చాలని పీకో-8 చూపిస్తోంది. ఎవరైనా కుర్రవాళ్లు ఇది వింటుంటే మొదలెట్టండి. మొదటి కాపీ నేను కొంటాను.

ఇంకోటి కూడా మనసులో ఉంది. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు లెక్కగట్టారు. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ కొందామన్నా అంగట్లో దొరకవు. అంత పెద్ద దేశంలో అలా ఉంటే, మన బజార్లలో అమ్మిన ఆ నకలు పెట్టెల మాట? వాటి కాగితం అంటింపుల మీద ఎవరో గీసిన రంగుల బొమ్మలు, లోపల ఎవరో మార్చి రాసిన ఆటలు. మీ అటకల మీద ఉంటే పారేయకండి. తుడిచి, ఫొటో తీసి, గుడ్డలో చుట్టి పెట్టండి.

అదుగో, పొద్దు పొడుస్తోంది. లోపల్నుంచి పిల్ల కేకలు విన్నారా? తలంటు అయినట్టుంది, తడి జుట్టుతోనే డబ్బా టీవీ ముందు చేరింది. పదండి, మనమూ లోపలికి.

చూడండి, పిల్ల తుపాకీ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. బాతు ఎగిరింది. పిల్ల నొక్కింది, పడింది. ఇంకోటి, అదీ పడింది. పిల్ల గంతులేస్తోంది. మా అక్క సోఫాలో ఒక పక్కగా కూర్చుని ఉంది, ఒళ్లో అరిసెల పళ్లెం. దాని కింద, పైట చెంగు చాటున, రెండు బొటనవేళ్లు కదులుతున్నాయి.

ఒక్క బాతు ఎగిరే ఆటలో ఇంకొకరు మామూలు రిమోట్ పట్టుకుని ఆ బాతును ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా, పెద్దయ్యాక ఎక్కడో చదివి తెలుసుకున్నాను. అప్పుడు కూడా నాకు అక్క గుర్తు రాలేదు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అక్క తలెత్తి నన్ను చూసింది. కళ్లతోనే "చెప్పకు" అంది. తెర మీద బాతు చెట్ల మీదుగా లేచి, కాస్త ఆగి, నెమ్మదిగా తుపాకీ ముందుకు వచ్చి నిలబడింది.